కోడి కాలు ఎత్తి చూసేవాళ్ళేరీ?

మా రోజుల్లో పొద్దుగూకి కోళ్ళను కమ్మేటప్పుడు ఊరికే తలుపు మూసి వచ్చేవాళ్ళు కారు. మా అమ్మ ఒక్కోదాన్నీ చేత్తో తడిమి గూట్లోకి తోసేది. నడకలో తేడా కనిపిస్తే అక్కడే పట్టుకుని, కాలు ఎత్తి, లాంతరు వెలుగులో అరికాలు చూసేది. తుమ్మముల్లు ఉంటే లాగేసి, కడిగి, పసుపు అద్ది, ఆ రాత్రికి విడిగా గంప కింద కమ్మేది.

ఇప్పుడు డాబాల మీద కోళ్ళు పెంచడం వేడుకైంది. మంచిదే. వనరాజా, కడక్‌నాథ్ అని ఏరి తెస్తారు, పేర్లు పెట్టి పిలుస్తారు, చంకనెత్తుకుని ఫొటోలు దిగుతారు. కాలు ఎత్తి చూసేవాళ్ళే కరువు. మా వీధిలో ఒకమ్మాయి వచ్చి, "తాతగారూ, మా పెట్ట కుంటుతోంది, ఏం మాత్ర వెయ్యాలి?" అంది. "కాలు చూశావా తల్లీ?" అన్నాను. చూడలేదట!

కోడిని తువ్వాల్లో చుట్టి, కళ్ళు కప్పి పట్టుకోమన్నాను. చీకటైతే కోడి గింజుకోదు. రొమ్ము మాత్రం గట్టిగా అదమకూడదు. దానికి మనలా ఉదరవితానం లేదు, రొమ్ముటెముక ఆడితేనే ఊపిరి ఆడుతుంది. చూద్దుం కదా, నడిమి వేలి మొదట్లో నైలాన్ దారం! వేలు ఉబ్బి, దారం తోలులోకి దిగబడి పైకి కనిపించనే లేదు. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కాలు నానబెట్టి, సూదిమొనతో దారాన్ని కాస్త పైకి లేపి, చిన్న కత్తెరతో తెంపాం. ఉప్పునీళ్ళతో కడిగి పోవిడోన్ అయోడిన్ అద్దాం. అలాగే వదిలేస్తే రక్తం ఆడక వేలు నల్లబడి ఊడిపోయేది. దీనికి ఏ మాత్ర పనిచేస్తుంది?

మా కాలంలో నూలు దారం వానకీ మట్టికీ చివికిపోయేది. ఈ నైలాన్‌కు చావు లేదు. సంక్రాంతి గాలిపటాల మాంజా మరీ పాపిష్టిది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా పండగ వెళ్ళాక డాబా మీద చూడండి, ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. ఏరి పారెయ్యడానికి కూడా తీరిక లేదు మనకి.

గోరు విరిగి రక్తం కారితే కంగారెందుకు? శుభ్రమైన గుడ్డతో కొద్ది నిమిషాలు వదలకుండా అదిమి పట్టి, పసుపో పిండో అద్దితే ఆగుతుంది. ఆగాక దాన్ని మందలోంచి తప్పించాలి. ఎర్రగా కనిపిస్తే తక్కిన కోళ్ళు పొడిచి పొడిచి పుండు చేస్తాయి. గంప కింద కమ్మడం అందుకే. ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది గంప?

అసలు నా కోపమంతా నేల మీద. అప్పుడు కోడి మట్టిలో, గడ్డిలో, పెంటదిబ్బ మీద తిరిగేది. ఇప్పుడు కాంక్రీటు, టైల్సు, ఇనపజాలీ. పైగా ఎత్తయిన కర్ర మీద పడుకోబెడతారు. బరువైన కోడి అక్కణ్ణుంచి గట్టినేల మీదికి దూకితే అరికాలు చితుకుతుంది. ఆ చితుకులోంచి స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవి దూరి, అరికాలు వాచి, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. బంబుల్‌ఫుట్ అంటారు డాక్టర్లు. లోపలి చీము మనిషికి పట్టే చీములా జారుగా ఉండదు, జున్నులా గడ్డకట్టి ఉంటుంది. పిండితే రాదు సరికదా, ఇంకా లోతుకు పోతుంది. దాన్ని ఇంట్లో బ్లేడుతో కోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాదం వాచినా, వేడిగా ఉన్నా, నల్లపెచ్చు కనబడినా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పుండు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ సూక్ష్మజీవి మనుషులకీ అంటుతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు కోడి నోట్లో వెయ్యకండి. ఆ మందు గుడ్డులోకీ వస్తుంది. డాక్టరు మందిస్తే, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

అప్పట్లో అంతా సవ్యంగానే ఉండేదని అనను. పుండు మీద కిరసనాయిలు పోసేవాళ్ళూ ఉన్నారు. అది మంట పెట్టి తోలును కాల్చేదే తప్ప మాన్పేది కాదు. ఆ పాత అలవాటు పోయినందుకు సంతోషమే. కానీ దాంతోపాటు మట్టినేలా పోయింది, కోడి నడకను గమనించే కన్నూ పోయింది.

డాబా మీద పెంచండి, కాదనను. కింద బెత్తెడు మందాన వరిగడ్డో ఊకో పరచండి, తడిస్తే మార్చండి. పడుకునే కర్ర రెండడుగుల ఎత్తు దాటకుండా, వెడల్పుగా, అంచులు నున్నగా ఉండాలి. విటమిన్ ఎ తగ్గినా పాదాల తోలు పాడవుతుంది కాబట్టి రోజూ గుప్పెడు తోటకూరో మునగాకో వెయ్యండి. మందుల కొట్టుకు పరుగెత్తే ముందు ఇవి చెయ్యండి. ఈమాత్రం చెయ్యడానికి మనసొప్పకపోతే కోళ్ళ జోలికి పోకండి, ఆ నోరులేని జీవాన్ని కుంటిదాన్ని చేసే హక్కు మనకు లేదు.