ఫ్రూట్‌కేకు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

నాన బెట్టి పండ్లు నాణ్యమౌ మద్యాన
వెన్న గుడ్లు పిండి వేసి కలిపి
సన్న సెగను కాల్చి సారెకు తాగించి
మూట గట్టి దాచ ముక్తి గలుగు

అవతారిక

ఇంగ్లండులో ఆకులు రాలి, సాయంత్రం ముందుగానే చీకటి పడే రోజుల్లో గృహస్థుకు ఒక జిజ్ఞాస పుడుతుంది: క్రిస్మసు కేకు ఎప్పుడు మొదలుపెట్టాలి? అట్టి జిజ్ఞాసువు కోసం కవి ఈ పద్యాన్ని అనుగ్రహించాడు. నాలుగున్నర గంటలు కాలేదాన్ని నాలుగు పాదాల్లో కుక్కాడు కనుక, వదిలేసిన సంగతులన్నీ వ్యాఖ్యాత నెత్తిన పడ్డాయి.

ప్రతిపదార్థం

పండ్లు = ఎండినవి మాత్రమే. మామిడి, జామ స్ఫురించేవారికి ఇక్కడ ప్రవేశం లేదు. చిన్నగా నల్లగా ఉండేవి కరెంట్లు, కాస్త లేత రంగువి సుల్తానాలు, పెద్దగా ముడతలు పడినవి రెయిజిన్లు. మూడూ ద్రాక్షలే కదా, ఇది పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షం. కాదు. కరెంట్లు గ్రీసు దేశపు చిట్టి ద్రాక్షలు, వాటిలో పులుపు ఉంది. సుల్తానాలది తీపి, రెయిజిన్లది కండ. వీటి వెంట పాకం పట్టిన నారింజ, నిమ్మ తొక్కలు, చెర్రీలు వస్తాయి. చెర్రీలకంటిన పాకాన్ని కడిగి, గుడ్డతో తుడిచి మరీ వేయాలి. కడగకుండా వేసినవారి చెర్రీలు అడుగున సమావేశం పెట్టుకుంటాయి.

నాణ్యమౌ మద్యాన = బ్రాందీలో. ‘నానబెట్టి’ అన్నాడు కదా అని సీసా వంచేయరాదు. ఇంగ్లండు వంటిళ్లలో వంటల రచయిత్రి డెలియా స్మిత్ స్థిరపరచిన పాఠం ప్రకారం ఎనిమిది అంగుళాల డబ్బాకు పండ్లు మొత్తం 900 గ్రాములు, బ్రాందీ మూడంటే మూడు పెద్ద చెంచాలు. రాత్రి గిన్నె మీద గుడ్డ కప్పి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున చుక్క ఉండదు. కరెంట్లు ముడతలు విప్పుకుని, వేలితో నొక్కితే మెత్తగా దిగుతాయి. గుడ్డ తీయగానే వచ్చే వాసనకే సగం పండుగ అయిపోతుంది. మద్యం ముట్టనివారు చల్లారిన టీ డికాక్షన్‌లోనో, నారింజ రసంలోనో నానబెట్టుకోవచ్చు. అయితే వారు నాలుగో పాదం మీద ఆశ తగ్గించుకోవాలి.

వెన్న గుడ్లు పిండి = ఇది ఛందస్సు కోసం పడిన వరుస కాదు, చేయవలసిన వరుస. ముందు మెత్తబడిన వెన్న తేలికగా నురగలా వచ్చేదాకా గిలకొట్టాలి. తర్వాత గుడ్లు కొద్దికొద్దిగా. ఒక్కసారే పోస్తే మిశ్రమం విరిగిపోతుంది. విరిగితే చెంచాడు పిండి ప్రాయశ్చిత్తం. చివరికి మిగిలిన పిండి.

మరి చక్కెర ఏది? కవి మరచెనా? ఒక పండితుడు ‘ఆటవెలదిలో పట్టలేదు’ అని తేల్చేశాడు. అది కవిని అవమానించడమే. వెన్నను ఊరికే గిలకొట్టేవాడు లోకంలో లేడు కాబట్టి చక్కెర అర్థసిద్ధం, అధ్యాహారం చేసుకోవాలి. అదీ తెల్లది కాదు, ముదురు రంగు మస్కొవాడో. దాని వెంట చెంచాడు నల్లటి ట్రీకిల్ పాకం, జాజికాయ, దాల్చినచెక్క, లవంగం కలిసిన మసాలా కూడా అధ్యాహారమే. వెన్న 225, చక్కెర 225, పిండి 225 గ్రాములు, గుడ్లు 4. పండ్లు పిండికి నాలుగింతలన్నమాట. కేకులో పండ్లు వేశారనడం కన్నా పండ్లకు కేకు పూశారనడమే న్యాయం.

కలిపి = ఇంటిల్లిపాదీ కలిపి అని అన్వయం. క్రిస్మసుకు దారితీసే ఆగమన కాలానికి ముందు వచ్చే చివరి ఆదివారాన్ని అక్కడ ‘స్టిర్ అప్ సండే’ అంటారు. ఆ రోజు చర్చిలో చదివే ప్రార్థన ‘కదిలించు’ అన్న మాటతో మొదలవుతుంది, 1549 నాటి ప్రార్థన పుస్తకం నుంచీ ఉంది. భక్తుల మనస్సులను కదిలించమని దేవుణ్ణి అడిగితే, గృహిణులకు గరిటె గుర్తొచ్చింది. నిజానికి ఆ రోజు క్రిస్మసు పుడ్డింగుది. కేకు అంతకంటే ముందే కలిపి ఉండాలి.

సన్న సెగను = 140 డిగ్రీల సెల్సియస్‌లో, నాలుగున్నర గంటలు. ‘సన్న’ అన్న విశేషణం ఎందుకంటే, పండ్ల నిండా చక్కెరే, సెగ పెరిగితే లోపల పచ్చి, అంచున బొగ్గు. అందుకే డబ్బా లోపల వెన్న కాగితం రెండు పొరలు, బయట గోధుమ రంగు కాగితం చుట్టి దారంతో కట్టడం, పైన మధ్యలో చిల్లు పెట్టిన కాగితం కప్పడం. పార్సెల్ ఆఫీసుకు పంపుతున్నట్టే ఉంటుంది. నడుమ గుచ్చిన పుల్ల తడి లేకుండా వస్తే ఈ పాదార్ధం పూర్తి.

సారెకు = మాటిమాటికి, అనగా వారానికో పక్షానికో. తాగించి = ఎవరికి? ఇక్కడే వ్యాఖ్యాతలు చీలిపోయారు. కేకుకు అని ఒక శాఖ, వండినవారికి అని ఒక శాఖ, చెరో చెంచా అని సమన్వయవాదులు. ప్రకరణాన్ని బట్టి మొదటిదే సిద్ధాంతం. సన్న పుల్లతో చిల్లులు పొడిచి, చెంచాడు బ్రాందీ చల్లి, మళ్లీ చుట్టేయాలి. ఒకసారి పై వైపు, మరోసారి తిరగేసి అడుగు వైపు. ఎక్కువ ఆత్రపడితే కేకు తడిసి ముద్దవుతుంది.

మూట గట్టి = ముందు వెన్న కాగితం, దాని మీద అల్యూమినియం రేకు. ఈ క్రమం తప్పరాదు. రేకు నేరుగా తగిలితే పండ్ల పులుపు దాన్ని తింటుంది. దాచ = దాచినచో, గాలి చొరని డబ్బాలో, అలమర పై అరలో.

ముక్తి = దీని అర్థం విశేషాల్లో తేలుతుంది.

తాత్పర్యం

ఆవకాయ ఎలా ఊరాలో ఇదీ అలాగే ఊరాలి. కలిపిన రోజు తిన్నవాడు దాని అసలు రుచి ఎరగడు. తాజా కేకులో మసాలా ఒక పక్క, పండు ఒక పక్క, బ్రాందీ ఒక పక్క నిలబడి ఉంటాయి. వారాలు గడిచేకొద్దీ పండ్ల తడి పిండిలోకి దిగి, అన్నీ ఒక్క ముద్దగా మెత్తబడతాయి. చక్కెర, మద్యం కలిసి బూజుకు తావివ్వవు. కనుక పద్యంలో ప్రధాన క్రియ ‘కాల్చి’ కాదు, ‘దాచ’. ఓవెన్ వల్ల అయ్యేది ఆరంభమే.

విశేషాలు

దాచడానికి అవధి ఎంత? ఇంగ్లండు పెళ్లికేకులో పై అంతస్తును తొలి బిడ్డ నామకరణం దాకా దాచడం పాత ఆచారం. అంతకు మించిన ప్రమాణం అంటార్కిటికాలో దొరికింది. 2017లో కేప్ అడేర్ దగ్గరి పాత గుడిసె సామానులో న్యూజిలాండుకు చెందిన అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్టు వారికి ఒక ఫ్రూట్‌కేకు కనిపించింది. రెడింగ్ పట్టణపు హంట్లీ అండ్ పామర్స్ కంపెనీ చేసినది. ధ్రువ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్ బృందం వారు అప్పటికి సుమారు 106 ఏళ్ల కిందట తెచ్చినదని అంచనా. డబ్బా తుప్పు పట్టింది, కేకు మాత్రం చూడ్డానికి దాదాపు తినేలాగే ఉంది. ‘ముక్తి’ అంటే కాలం నుంచి ముక్తి అని నా వ్యాఖ్య.

పైన పూసే బాదం ముద్ద, తెల్లటి ఐసింగు పద్యంలో లేవు. ఉండనవసరం లేదు కూడా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, బ్రిటిష్ ప్రభుత్వం కేకుల మీద ఐసింగును నిషేధిస్తే, అట్టతో చేసిన తెల్లని బోలు తొడుగులు బోర్లించి పెళ్లిళ్లు కానిచ్చారు. లోపలి కేకు చిన్నదైనా కేకే. యార్క్‌షైర్‌లోనైతే ముక్క పక్కన వెన్స్‌లీడేల్ చీజు పెట్టుకుని తింటారు. వినడానికి అపచారంలా ఉంటుంది గానీ, ఆ తీపికి ఈ ఉప్పదనం సరైన జోడీ.

హైదరాబాదు పెద్ద హోటళ్లలో పండుగకు ముందు చేతులకు తొడుగులు వేసుకుని, పండ్ల గుట్ట మీద సీసాలు వంపే ‘కేక్ మిక్సింగ్’ ఈ పద్యంలోని మొదటి పాదానికి ఫొటోల సహిత ప్రదర్శన. మిగతా మూడు పాదాలు వంటవాళ్లు చూసుకుంటారు.

అధికారి నిర్ణయం: ఈ పద్యం అక్టోబరులోనో, మరీ ఆలస్యమైతే నవంబరు నడిమికో చదివేవారికి మాత్రమే. డిసెంబరు 20న చదువుతున్నవారు టీకాను పక్కన పెట్టి, దగ్గర్లోని బేకరీలో ప్లమ్ కేకు కొనుక్కోవడం ఉత్తమం.