కారుకు పళ్లు తోమే శాస్త్రం

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కారుకు గీత పడితే వైద్యుడు ఒక్కడే. ఆయన కొలువు బాత్రూం అరలో, మూత పోయిన ట్యూబులో. ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒక మహానుభావుడు బానెటు మీద తెల్ల పేస్టు ఒత్తి, పాత బనీనుతో గుండ్రంగా రుద్ది "చూసిన్రా, గీత మాయం!" అంటాడు. ఇంత సులువైన కిటుకు రంగుల కంపెనీలకు ఇన్నేళ్లూ తట్టకపోవడం, మనకు మాత్రం వాట్సాప్‌లో ఉచితంగా దొరకడం మన పూర్వజన్మ సుకృతం.

గీతలకు మన దగ్గర కరువేం లేదు. కొత్త బండి కొన్నవాళ్లు ముందుగా పోయేది కొండగట్టు అంజన్న గుడికే. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం 'వారాహి'కి పూజ చేయించింది కూడా అక్కడే. అంజన్న దయ నిండుగా ఉంటుంది గానీ, ఆయన కోతి పరివారం కొబ్బరి చిప్ప కోసం బానెటెక్కి కొట్లాడుకుంటే గోళ్ల గుర్తులు మనకు ప్రసాదం. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఆపితే, సందులో దూరిన స్కూటర్ హ్యాండిల్ డోరు మీద సంతకం పెట్టి పోతుంది. నాగోబా జాతరకని కేస్లాపూర్ దారి పడితే, ఎదురొచ్చిన బస్సుకు పక్కకు జరిగిన పాపానికి తుమ్మకొమ్మ కారును ఈ చివరి నుంచి ఆ చివరికి దువ్వుతుంది.

ఇవన్నీ పరులు పెట్టే గీతలు. స్వహస్తాలతో పెట్టుకునేవి వేరే ఉన్నాయి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7, అంటే అద్దాన్ని గీయగలదు. పొద్దున్నే ఆ దుమ్ము మీద చెంబెడు నీళ్లయినా పోయకుండా పొడిబట్టతో అదిమి తుడిచే యజమాని ముందు కొండగట్టు కోతి ఏపాటిది? పొద్దున గీతలు పెట్టేదీ ఆయనే, సాయంత్రం పేస్టు వెతికేదీ ఆయనే.

కారు రేకు మీద ఉండేది ఒక్క పూత కాదు. తుప్పును ఆపేది ఒకటి, దానిపైన ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటి మీదా రంగులేని క్లియర్ కోట్. ఈ పైపూత మందం చాలా కార్లకు సుమారు 40–50 మైక్రాన్లు, మామూలు తలవెంట్రుక కన్నా పలుచన. సన్నగీత అంటే ఈ పూతలో పడ్డ కాలువ. ఎంత రుద్దినా ఆ కాలువ పూడదు. చుట్టుపక్కల పూత అరిగి కాలువ అడుగు మట్టానికి దిగితేనే గీత నిజంగా పోతుంది. రోడ్డు మీద గుంత పడిందని, గుంతను వదిలేసి రోడ్డునంతా గుంత లోతుకు చెక్కి "సాపు చేసినం" అని బిల్లు పెట్టే కాంట్రాక్టరును నాలుగు తిట్లు తిడతాం. అదే పని మన బానెటు మీద మనమే చేసుకుని ఫొటో తీసి స్టేటస్ పెడతాం. పాలిష్ షాపువాడు చేసేదీ చెక్కుడే గానీ, ఎంత చెక్కాలో, ఎక్కడ ఆపాలో వాడికి తెలుసు.

పేస్టులో ఉండేది సిలికా, సుద్ద లాంటి నూరే పొడి. దాన్ని పంటి ఎనామిల్ కోసం తయారుచేశారు. ఎనామిల్ గట్టిదనం మోస్ లెక్కలో 5. అంత గట్టి పన్నే అరిగిపోతుందని భయపడి అంతర్జాతీయ ప్రమాణం పేస్టు రాపిడికి ఒక హద్దు పెట్టింది. కారు పూతకు ఎంత రాపిడి తగునో ఏ పేస్టు డబ్బా మీదా రాయలేదు. కారు పళ్లు తోముకునే రోజొకటి వస్తుందని పాపం వాళ్లు ఊహించలేదు.

మరి వీడియోలో గీత ఎట్ల మాయమైంది? గీత తెల్లగా కనపడేది దాని అంచుల మీద వెలుతురు చెదరడం వల్ల. అందులో తడో జిడ్డో నిండితే వెలుతురు చెదరదు, గీత దాక్కుంటుంది. కెమెరా ఆపేది సరిగ్గా అప్పుడే. ఒక వాన పడనివ్వండి, గీత మళ్లీ ప్రత్యక్షం, ఈసారి చుట్టూ ఒక మసక మచ్చను కూడా వెంటేసుకుని. కొన్నిసార్లు అసలది గీతే కాదు, ఎదుటి బండి అంటించిపోయిన రబ్బరు మరక. అది దేంతో రుద్దినా పోతుంది, పేరు మాత్రం పేస్టుకు. "కొబ్బరినూనె రాయి అన్నా" అనేవాడు గీతను దాచి దుమ్మును పిలుస్తాడు. "గోళ్లరంగు తుడిచే మందు పెట్టు తమ్మీ" అనేవాడి దగ్గర నిజంగా పనిచేసే మందే ఉంది. అందులోని అసిటోన్ పూతనే మెత్తబరుస్తుంది.

పూత విలువ తెలిసినవాళ్లు మన పక్కనే ఉన్నారు. నిర్మల్ బొమ్మలకు పొనికి చెక్క చెక్కి, చింతగింజల జిగురు పట్టించి, నునుపు చేసి, చివరికి అద్దేది డ్యూకో రంగు. అది 1920లలో అమెరికాలో కార్ల కోసమే పుట్టిన రంగు. కారు రంగును బొమ్మ మీద అంత అపురూపంగా నిలుపుకునే జిల్లాలో, కారు మీది రంగును పేస్టుతో తోముతున్నాం.

పేస్టు మీద కోపంతో ఇంకో మాయలో పడనవసరం లేదు. "9హెచ్ కోటింగ్ వేయిస్తే గీతే పడదు" అని వేలకు వేలు అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ 9హెచ్ పెన్సిల్ ములుకు గట్టిదనం లెక్క, వజ్రానికి మెట్టు కింద ఉండే మోస్ 9 కాదు. క్వారీ దుమ్ముకు ఆ తేడా బాగా తెలుసు.

నిజమైన పని వీడియోకు పనికిరానంత చప్పగా ఉంటుంది. నీళ్లు బాగా పోసి కడగాలి. గీత తడిలో దాక్కుంటే అది పైపూతలోదే. గోరు తట్టుకుంటే లోతుది, ఇంట్లో ముట్టుకోవద్దు. రేకు కనపడితే తుప్పు రాకముందే పెయింటర్ దగ్గరికి నడవాలి. పైపైదే అయితే నీడన, బానెటు చల్లారాక, కార్ల కోసమే చేసిన సన్న పాలిష్‌ను మైక్రోఫైబర్ బట్టతో మెల్లగా పట్టించి, తగ్గగానే ఆపాలి. రామగుండం మే ఎండలో మొదలుపెట్టేవాళ్లకు ఏ శాస్త్రమూ సాయపడదు.

ఇక పేస్టు పండితులకు ఒకటే మాట. మీ సొంత కారు, నల్లరంగుది అయితే మరీ మంచిది, బానెటంతా రుద్దండి. షాంపూతో కడిగి, ఆరబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చూపించండి. ఆ ధైర్యం లేకుంటే పేస్టును నోట్లోనే పెట్టుకోండి. తోముకున్నంత సేపైనా సలహాలు ఆగుతాయి.