పేరయ్య లేని పెళ్లిచూపులు

"రైతు నుంచి నేరుగా మీకు. మధ్యలో దళారీ లేడు." ఈ వారం మా వీధి మలుపులోని పెద్ద దుకాణం టమాటా ట్రేల మీద వేలాడదీసిన బోర్డు ఇది. మీ వీధిలోనూ ఇలాంటిది ఉండే ఉంటుంది.

సంతోషం. పెళ్లిళ్ల పేరయ్యతో పనిలేకుండా మగపెళ్లివారే నేరుగా దిగారన్నమాట!

చూపులు మదనపల్లె దగ్గర, ఆ దుకాణం కంపెనీ కలెక్షన్ సెంటర్లో. పిల్లలు తెల్లారకుండానే క్రేట్లలో ముస్తాబై కూర్చున్నారు. మగపెళ్లివారు పెదవి విరిచారు. ఒకతె మరీ పొట్టి. ఇంకొకతెకు బుగ్గ మీద మచ్చ. మూడోది ఇప్పుడే ఇంత ఎర్రగా ఉందంటే ఊరు చేరేలోపు ముసలిదైపోతుంది! నదురుగా ఉన్నవాళ్లను నాలుగు క్రేట్లకు ఏరుకుని లేచారు.

లగ్నపత్రిక అడక్కూడదు. రేపు వస్తారో రారో, రాతకోతలుండవు. మరి రేటో? పొద్దున మండీ వేలంలో పలికినదాన్ని బట్టే. పేరయ్యను పెళ్లికి పిలవరు గానీ, ముహూర్తం ఆయన్నడిగే పెట్టుకుంటారు.

వద్దన్న పిల్లలు మళ్లీ ఆ పేరయ్య గుమ్మమే ఎక్కాలి. "కంపెనీవాళ్లు చూసి పొమ్మన్నారటగా?" అంటూ ఆయన ఇంకో రెండు రూపాయలు కోస్తాడు. ఏరిన కూలీ, రెండుసార్లు బండి బాడుగ, మిగిలిపోయిన కాయల నష్టం అన్నీ పిల్ల తండ్రివే. 1961లోనే కట్నాన్ని నిషేధించిన దేశంలో దీని పేరు నాణ్యతా ప్రమాణం.

ఇక వేళాకోళం చాలు. మచ్చ ఉన్న టమాటా పప్పులో పడ్డాక ఏ నాలుకకైనా మచ్చ తెలుస్తుందా? 2023లో కిలో 200 రూపాయలకు ఎగబాకితే దేశమంతా గగ్గోలు పెట్టాం. ధర పడిపోయి పత్తికొండ రైతు కాయలను రోడ్డు పక్కన పారబోస్తే పేజీ తిప్పేశాం. టమాటాకు మనం పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది 33 పైసలేనని రిజర్వు బ్యాంకు అధ్యయనం 2024లో లెక్కతేల్చింది. కంపెనీవారూ, మేలైన కాయ మీరు ఏరుకుని, మిగతా పంటనూ దాని నష్టాన్నీ రైతు నెత్తిన వదిలేసి, పైగా ఆ రైతు పేరే చెప్పి అమ్ముకుంటారా? సిగ్గుండాలి!

బోర్డు తీయక్కర్లేదు. దాని కిందే ఇంకో వరుస రాయండి: ఈ కిలోకు రైతుకు ఎంతిచ్చారో, అంకెల్లో.