పదకొండో నంబరు

ఏలూరులో పద్య పఠన పోటీల ఆఖరి రోజు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర నేనూ ఉన్నాను. పేరు, ఊరు తెలిస్తే పక్షపాతం వస్తుందని పోటీదారుల్ని నంబర్లతోనే పిలుస్తున్నారు. పదకొండో నంబరు అనగానే ఇంటర్ కుర్రాడొకడు చెప్పులు మెట్ల దగ్గర విడిచి మైకు ముందుకొచ్చాడు.

ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం అన్నీ గెలిచొచ్చాడని అప్పటికే చెవిన పడింది. నాన్న రొయ్యల చెరువు కాపలాదారు. రాత్రిళ్లు ఆ గట్టు మీదే, ఏరేటర్ల హోరుకి తగ్గకుండా గొంతెత్తి సాధన చేశాడట.

"రచన దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రిగారు" అని చెప్పి, నమస్కారం పెట్టి, ‘పాండవోద్యోగం’లో రాయబారం పద్యాలు ఎత్తుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నూరేళ్లుగా ఈ పద్యాలు పాడినవాళ్ల పేరు మీదే చెలామణీ అవుతున్నాయి. కవుల్ని తలుచుకునేవాళ్లు తగ్గిపోయారు.

పాట కూడా అలాగే ఉంది. రాగం కోసం మాటను నలిపెయ్యలేదు. కృష్ణుడు కౌరవ సభను హెచ్చరించే చోట అందరూ అరుస్తారు. ఇతను గొంతు తగ్గించాడు. ఒక్కొక్క మాటా విడివిడిగా వెనక వరస దాకా వెళ్లింది. వన్స్‌మోర్ అంటూ హాలు లేచింది.

వింటున్నంతసేపూ నాకు ఆ జంట కవుల కుర్రతనమే మనసులో మెదిలింది. మన పోటీల్లో నేర్చుకున్నది అప్పజెబితే చాలు. చర్ల బ్రహ్మయ్య శాస్త్రిగారి శిష్యులైన ఆ ఇద్దరూ ఇరవై దాటీ దాటకుండానే శతావధానాలకు నిలబడ్డారు. నూరుగురు పృచ్ఛకులు, నూరు విషయాలు. ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చొప్పున నాలుగు విడతలు చెప్పి, చివర నూరు పద్యాలూ వరసగా ఏకరువు పెట్టాలి. కాగితం ముట్టకూడదు. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాలు అలా నోటి మాటతోనే గెలిచారు. మీసాలు పెంచి, మమ్మల్ని ఓడిస్తే తీసేస్తామని సవాలు చేసి మరీ తిరిగారు.

మొదటి బహుమతి పదకొండో నంబరుకే. మా బల్ల దగ్గర రెండో మాట రాలేదు.

ముఖ్య అతిథి తెలుగు భాషను కాపాడుకోవాలని చాలాసేపు మాట్లాడారు. షీల్డు ఇచ్చాక కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ మైకు అందుకున్నారు.

"పాడినవాడికి షీల్డు ఇచ్చాం, బాగుంది. మరి ఇంత గొప్పగా రాసినవాళ్లని ఊరికే పంపించేస్తే మనకే చిన్నతనం. ఆ శాస్త్రిగార్లిద్దరూ హాల్లో ఎక్కడున్నా వేదిక మీదకి రావాలి. శాలువాలు తెప్పించండి."

శాలువాలు వచ్చాయి. నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. అతిథిగారు రెండోసారి పిలిచారు.

కుర్రాడు మైకు దగ్గరికి జరిగాడు.

"వాళ్లు రాలేరండి. వెంకట శాస్త్రిగారు 1950లో పోయారండి. తిరుపతి శాస్త్రిగారైతే 1920లోనే పోయారు. ఆయనది మా ఊరేనండి, యండగండి. ఆ శాలువా ఇటివ్వండి, నేను పట్టుకెళ్తాను."