పనిముట్ల పెట్టె జమాఖర్చులు

అమెరికాలోని కార్ల మరమ్మతు షెడ్లలో లిఫ్టులు, కంప్రెసర్లు, టైర్లు మార్చే యంత్రాలు యజమానివి కాగా, పానాలు, సాకెట్లు, పట్టకార్లు, వాటిని దాచుకొనే చక్రాల పెట్టె పనివారి సొంతం కావడం ఆనవాయితీ. అందువల్ల కమ్యూనిటీ కాలేజీలో, అంటే స్థానికుల కోసం ప్రభుత్వ నిధులతో నడిచే రెండేళ్ల కళాశాలలో, ఆటోమోటివ్ డిగ్రీ చదవడం గిట్టుబాటవుతుందా అన్న ప్రశ్నకు ఫీజు రసీదుల కంటె పెట్టె అరలే నమ్మదగిన సాక్ష్యం. అటువంటి ఒక ఎర్రటి ఉక్కు పెట్టెను కాలిఫోర్నియాలో ఆ చదువు చదువుతున్న ఒక యువతి కొనుక్కొంది; తరగతి గదిలో మొదలైన దాని జీవితం షెడ్డులోకి మారేసరికి బరువుతోపాటు దాని మీది బాకీ కూడా పెరిగింది.

చదువు ఖర్చు సంగతి త్వరగానే తేలిపోతుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలలో రాష్ట్రవాసులకు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లు ఫీజు. డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు అవుతుంది, తక్కువ ఆదాయం గల కుటుంబాలవారికి ఆ మొత్తం మాఫీ కావచ్చు. క్వార్టర్ పద్ధతిలో నడిచే కూపర్టినోలోని డి ఆంజా కళాశాలలో యూనిట్ ధర వేరైనా, మొత్తం దాదాపు అంతే. అయితే విద్యార్థి వీసా మీద వెళ్లినవారు రాష్ట్రవాసుల కింద లెక్కకు రారు గనుక, హైదరాబాదు నుంచి వెళ్లే యువకుడు దీనికి ఎన్నో రెట్లు చెల్లించవలసి ఉంటుంది. అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ చౌక ఫీజే వర్తిస్తుంది. అసలు భారం ఫీజుది కాదు, ఆ రెండేళ్ల ఇంటి అద్దెది, ఆ కాలంలో సంపాదించకుండా వదులుకొన్న కూలిది.

పెట్టె నిండిన తీరు ఇంతకంటె ఆసక్తికరం. విద్యార్థులకిచ్చే తగ్గింపు ధరకు మొదట మిల్లీమీటర్ల సాకెట్లు, రాచెట్లు వచ్చాయి. ఉద్యోగంలో చేరాక వారానికొకసారి షెడ్డు ముంగిటికి వచ్చే పనిముట్ల వ్యాను, అంటే చక్రాల మీద తిరిగే దుకాణం, వారపు వాయిదాల మీద తక్కినవి నింపింది. బోల్టును నిర్ణీత బలంతోనే బిగించేందుకు టార్క్ రెంచి, విద్యుత్ లోపాలు పట్టేందుకు మల్టీమీటరు, కారు కంప్యూటరుతో మాట్లాడే స్కానరు వరుసగా చేరాయి. అందరూ వెతుక్కొనే 10 మిల్లీమీటర్ల సాకెట్ మాత్రం ఏ అరలోనూ నిలవదు. దానిని మళ్లీమళ్లీ కొనడమూ ఈ వృత్తి ఖర్చులలో ఒకటే. 2018కి ముందు ఇటువంటి కొనుగోళ్లను ఉద్యోగులు కొన్ని పరిమితులకు లోబడి కేంద్ర ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపుకోగలిగేవారు, ఆపైన ఆ వీలు పోయింది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం కనీస వేతనానికి కనీసం రెట్టింపు ఇస్తేనే పనివారిని చేతి పనిముట్లు తెచ్చుకోమని అడగవచ్చు. 2025లో కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు గనుక ఆ ఏడాది హద్దు 33 డాలర్లు. కొత్తగా చేరినవారికి అంత జీతం అరుదు, అయినా నిబంధన తెలియక పెట్టె తోసుకొని వచ్చేవారు అరుదు కాదు.

రాబడి లెక్క ‘ఫ్లాట్ రేట్’ పద్ధతి వల్ల చిక్కుపడుతుంది. ఒక మరమ్మతుకు ప్రామాణిక సమయాల పుస్తకంలో రెండు గంటలు రాసి ఉంటే, గంటన్నరలో ముగించినవారికీ, బోల్టు విరిగి నాలుగు గంటలు తంటాలు పడినవారికీ రెండు గంటల కూలే దక్కుతుంది. వారంటీ పనులకైతే తయారీదారు లెక్కకట్టే సమయం తరచు ఇంకా తక్కువ. బండి రాని మధ్యాహ్నాలలో పెట్టె అరలు తెరుచుకోవు, కూలీ పుట్టదు. అటువంటి ఖాళీ సమయానికి విడిగా చెల్లించాలని కాలిఫోర్నియాలో 2016 నుంచి చట్టం ఉంది గానీ, అన్ని రాష్ట్రాలలో అటువంటి రక్షణ లేదు. కాబట్టి తొలి ఏళ్లలో వేగం రాకముందే వాయిదాలు మొదలవడం ఈ చదువులోని అసలు నష్టభయం.

2024 మే నాటికి ఆటో టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం, అంటే సగం మందికి పైన, సగం మందికి కింద ఉండే మొత్తం, 49,670 డాలర్లని కేంద్ర కార్మిక గణాంక సంస్థ ప్రకటించింది. అన్ని వృత్తులకూ కలిపితే అది 49,500. ఇందులో డిగ్రీ లేనివారూ ఉన్నారు గనుక దీనిని డిగ్రీ ఫలితమనడం పొరపాటు. డిగ్రీ కచ్చితంగా ఇచ్చేది ఒక ఏడాది కాలం: 1972లో ఏర్పడిన ఏఎస్‌ఈ అనే ధ్రువీకరణ సంస్థ పరీక్షతోపాటు రెండేళ్ల పని అనుభవం కోరుతుంది, రెండేళ్ల డిగ్రీని అందులో ఒక ఏడాదికి సమానంగా ఒప్పుకొంటుంది. తరగతి, డీలరు షెడ్డు వంతులవారీగా నడిచే, 1986లో మొదలైన టొయోటా టీ-టెన్ వంటి కోర్సులు ఇంతకంటె మేలు; చదువు సాగుతుండగానే వేతనం వస్తే వాయిదాల భయం సగం తగ్గుతుంది.

ఇటీవల పై అరలోకి 1,000 వోల్టుల వరకు తట్టుకొనే రబ్బరు చేతితొడుగులు చేరాయి. హైబ్రిడ్ కార్ల బ్యాటరీల వద్ద తప్పనిసరైన ఈ రక్షణ సామగ్రి ఖర్చును కేంద్ర నిబంధనల ప్రకారం యజమానే భరించాలి, ఆరు నెలలకొకసారి వాటిని పరీక్షింపజేయాలి. పెట్టెలో ఉంటూ పెట్టె బాకీలోకి రాని వస్తువులు ప్రస్తుతానికి అవే.