మీసాలకేం తెలుసు పంబ మోత?

పల్నాటి పౌరుషం. ఈ రెండు మాటలు లేకుండా నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఒక్క ఫ్లెక్సీ అయినా లేచిందా? నాయకుడి పుట్టినరోజుకు పౌరుషం. నాయకుడి కొడుకు పుట్టినరోజుకూ పౌరుషమే. కొత్త బండి కొన్న అనుచరుడికి కూడా, పాపం, ఎంతో కొంత పౌరుషం. మెలేసిన మీసం, వెనకాల కత్తి, పక్కన పులి. ఆ పక్కనే నల్లమల ఉంది, పులులకు కొదవేముంది? అయినా ఫ్లెక్సీల మీద ఉన్నన్ని పులులు అడవిలో లేవు.

చిన్న సందేహం. అసలు ఈ పౌరుషం సంగతి మీకు చెప్పిందెవరు సారూ?

కారంపూడిలో యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో. అప్పుడు టీవీ చర్చలు లేవు. సొంత పత్రిక లేదు, సొంత చానెల్ లేదు. మరి బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు మీ ఫ్లెక్సీ దాకా ఎలా నడిచొచ్చారు? శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి సినిమాగా తీశారు. సరే. కాగితానికి ముందు? వెండితెరకు ముందు? ఊరి చివర గుడిసెలో పంబ వాయించుకునే మనిషి ఉన్నాడు. వీరవిద్యావంతుడు అంటారు. కులం అడక్కుండా ఉండలేరుగా, చెబుతున్నా. మాల. వీరుల కథను తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి మార్చుకుంటూ ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చింది ఆ గుడిసె. మీ మీసానికి నూనె అక్కడిది.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ల. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊళ్ల నుంచి వీరుల ఆయుధాలైన కొణతాలు వస్తాయి, నాగులేటి నీళ్లలో మునుగుతాయి. విద్యావంతుడు కత్తి పట్టుకుని కథ ఎత్తుకుంటాడు. వెనక పంబజోడు. పక్కన తిత్తి, తాళం. పంబ ఒక్కసారి మోగిందంటే వీధిలో కాసేపు సెల్‌ఫోన్లు కూడా నోరు మూసుకుంటాయి.

నాయకుడూ వస్తాడు. రాకపోతే ఎట్లా? అవతలి పార్టీవాడు నిన్ననే వచ్చి వెళ్లాడాయె. ఆరు కార్లు, అరవై మంది. గుళ్లో దండం, మెడలో దండ, మైకు ముందు పౌరుషం. ఒకసారి నేను ఆ గుంపు చివరన ఇరుక్కుపోయాను. విద్యావంతుడు అప్పుడే కథ అందుకున్నాడు. గొంతు ఇంకా వేడెక్కనే లేదు. చొక్కా జేబులో రెండు ఫోన్లున్న ఒక కుర్ర నాయకుడు ముందుకు వంగి అన్నాడు.

"పెద్దాయనా, సార్‌కు టైం లేదు. రెండు ముక్కల్లో కానిచ్చేయ్."

రెండు ముక్కలు! రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగే కథ. పెద్దాయన పంబ వాయించే అతని వంక చూశాడు. అతను ఆకాశం వంక చూశాడు. సార్ ఫొటో దిగాడు. పంబ కూడా భుజాన వేసుకున్నాడు, తిరగేసి. ఆరు కార్లూ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాయి. దుమ్ము అణిగాక కథ మళ్లీ మొదటి నుంచి.

అందుకే నాకో అనుమానం. మన నాయకుల్లో ఒక్కరైనా ఈ కథ ఆఖరి దాకా విన్నారా?

వినలేదు. వింటే ఆ మాట వాడరు. కల్లిపాడు నాటికి మిగిలేదేముంది? అందరూ పడిపోయారు. అటువాళ్లూ పడ్డారు, ఇటువాళ్లూ పడ్డారు. మీసాలు మొలిచీ మొలవని బాలచంద్రుడు పడ్డాడు. మాల కన్నమదాసు పడ్డాడు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. ఇది గెలుపు కథ కాదు మహాప్రభో, చచ్చినవాళ్లను పేరుపేరునా పిలిచి ఏడ్చే పాట. దీన్ని పట్టుకుని ఎన్నికల ప్రచారం! మనవాళ్లు బిలంలోకి వెళ్లరు లెండి. కేసు పడితే అజ్ఞాతంలోకి వెళ్తారు. బెయిలొస్తే డీజే పెట్టుకుని ఊరేగింపుగా తిరిగొస్తారు.

2024 మే నెల గుర్తుందిగా? పోలింగ్ బూతులో ఓటు యంత్రాన్ని ఎత్తి నేలకు కొట్టిన వీడియో దేశమంతా చూసింది. జిల్లా మొత్తం 144 సెక్షన్. అప్పుడు కూడా వార్తల్లో అదే మాట. పల్నాటి పౌరుషమట! ప్లాస్టిక్ పెట్టె మీద పౌరుషమేంది సామీ? బాలచంద్రుడు వింటే నవ్వడూ?

ఇదే కథలో చాపకూడు ఉంది. అన్ని కులాలనూ బ్రహ్మనాయుడు ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన కథ. మందపోరు నాడు ఇప్పటికీ ఆ తంతు జరుగుతుంది. మన నాయకులూ కూర్చుంటారు. కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపు. ఆ కథ పాడిన మనిషికి మిగతా మూడువందల అరవై రోజులూ ఏ చాప మీద చోటిస్తున్నారు? ఎవరి అరుగు ఎక్కనిస్తున్నారు? అదడగకండి. పౌరుషం దెబ్బతింటుంది.

పరాయివాడికి ఉన్న బుద్ధి మనకు లేకపోయింది. అమెరికా నుంచి జీన్ రోగైర్ అనే ఆయన పల్నాడు వచ్చి, తెలుగు నేర్చుకుని, అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడి ముందు కూర్చుని కథంతా విన్నాడు. ఇంగ్లీషులో పెట్టాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పుస్తకం వేశారు. మనవాళ్లలోనూ తంగిరాల వెంకట సుబ్బారావు వంటి పండితులు వీరగాథల వెంట జీవితమంతా తిరిగారు. లోకం నలుమూలలా గ్రంథాలయాల్లో గాలెయ్య గారి పేరు ఉంది. మాచర్ల బస్టాండులో నిలబడి అడగండి, గాలెయ్య ఎవరని. మెకానిక్కా, అని ఎదురడుగుతారు. వాళ్ల తప్పేం లేదు. ఎవరు చెప్పారు గనక?

ఇక పద్మశ్రీ దక్కిన అదృష్టవంతుడి సంగతి. షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల ఇల్లు, అంటే దూదితో పాటు ఆకలినీ ఏకే ఇల్లు. సంగీతం నేర్చుకోవడానికి మన నరసరావుపేటకే వచ్చాడు. మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సరిగమలు దిద్దుకున్నాడు. తర్వాత ప్రజానాట్యమండలి ఆయన చేతికి తంబుర ఇచ్చింది. అక్కణ్నుంచి చూడండి. బెంగాల్ కరువు చెప్పాడు. బొబ్బిలి యుద్ధం చెప్పాడు. అల్లూరి సీతారామరాజు చెప్పాడు. ఇస్లాంలో పుట్టి ప్రహ్లాదుడి కథ చెప్పాడు, క్రీస్తు కథ చెప్పాడు. పల్నాటి యుద్ధం చెబుతుంటే బండ్లు కట్టుకుని వచ్చి విన్నారు జనం. అప్పట్లో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి వాళ్ల 'మాభూమి' నాటకాన్ని నిషేధించింది. తుపాకులున్న సర్కారు రంగు పూసుకున్న మొహాలకు భయపడిందన్నమాట. ఇప్పుడు కళాకారుణ్ని నిషేధించాల్సిన పని లేదు. పిలవకపోతే సరి.

ఆయన్ని బుర్రకథ పితామహుడన్నారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. మరి ఆయన ఆత్మకథ పేరేంటో తెలుసా? 'పింజారి'. ఊళ్లో ఎవణ్నయినా చులకన చేయాలంటే "పింజారి వెధవా" అంటాం కదా, ఆ పింజారి. మనం పితామహుడన్నాం. ఆయన, మీరు నన్ను అసలు ఏమని పిలిచేవారో గుర్తుచేస్తానుండండి అన్నట్టు, ఆ తిట్టునే తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. బిరుదులిచ్చిన చేతుల మీద ఇంతకు మించిన దెబ్బ ఉందా? వేదికల మీద పితామహుడని పొగిడేవాళ్లలో ఎంతమంది ఆ అట్ట తిరగేశారో!

1997లో ఆయన పోయాడు. బుర్రకథ పోలేదు. సర్కారు దాన్ని తీసుకెళ్లి పథకాల ప్రచారానికి పెట్టుకుంది. మరుగుదొడ్డి కట్టుకోండి, టీకా వేయించుకోండి. మంచిదే, కట్టుకోవాలి, వేయించుకోవాలి. కానీ బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరుంటారు. ఒకరు హాస్య వంత. రెండోవారు రాజకీయ వంత, దొరను నిలదీసేవాడు. ఇప్పుడు సర్కారు వారి దళాల్లో ఆ రెండో మనిషి నోట ఏ ప్రశ్న అయినా విన్నారా? నిలదీత పోయి తందానా ఒక్కటే మిగిలింది. ఆ పని చేయడానికి తంబురలెందుకు, మంత్రివర్గాలున్నాయిగా!

పింఛను సంగతా? ఉంది. డప్పు కళాకారుల పేరుతో నెలకు 4,000. సంతోషం. మరి పంబ వాయించేవాడు ఏ గడిలో దూరాలి? తిత్తి ఊదేవాడు? కథ చెప్పేవాడు? కళాకారుడని రుజువు కాగితం తెమ్మంటారు. ఎనిమిది వందల ఏళ్ల కథ నోట్లో ఉంది బాబూ, కాగితమెక్కడిది అంటే, నోరు జిరాక్స్ తీసి ఇవ్వమనేట్టున్నారు. శాలువాలకు మాత్రం లోటు లేదు. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో పదిహేడు శాలువాలున్నాయి. పల్నాటి ఎండలకు శాలువా! శ్రీనాథుడంతటి వాడే ఈ సీమలో తాగడానికి నీళ్లు లేవని చాటువుల్లో వాపోయాడంటారే, అలాంటి చోట ఉన్ని శాలువా కప్పడానికి ఎంత దయ ఉండాలి!

చిలకలూరిపేట వెళ్దాం రండి. 2022లో కొత్త జిల్లా కట్టినప్పుడు పల్నాడులోకి వచ్చిన ఊరు. పత్తికి పేరు, నూలు మిల్లులకు పేరు. నాదస్వరానికి అంతకంటే పేరు, ఆ ముక్క ఎవడూ చెప్పడు. అక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న కుర్రాడే కరవది షేక్ చిన మౌలానా. తరతరాలుగా గుళ్లలో సన్నాయి ఊదిన ముస్లిం కుటుంబం. ఆయన శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డాడు. రంగనాథుడి ఊళ్లో, తంజావూరు బాణీ అంటే ప్రాణమిచ్చే అరవల మధ్య, వాళ్ల చేతే శభాష్ అనిపించుకున్నాడు. 1977లో పద్మశ్రీ. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన దగ్గర నేర్చుకున్న మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తమిళనాడు ఖాతాలో! విత్తనం మనది. నీళ్లు వాళ్లవి. పంట వాళ్లది. మనకు మిగిలింది, "ఆయన మన తెలుగువాడేనండీ" అని చెప్పుకుంటూ తిరిగే హక్కు.

భద్రాద్రి రాముడి కొలువులో ఏళ్ల తరబడి నాదస్వరం ఊదిన షేక్ హసన్ సాహెబ్ 2021లో పోయారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మన దగ్గర మనిషి ఊపిరి ఆగాకే ఢిల్లీకి సన్నాయి వినిపిస్తుంది. పొద్దున్నే ఆ సన్నాయితో దేవుణ్ని లేపించి, సాయంత్రం ఫోన్లో "వాళ్లను గుడి దరిదాపులకు రానివ్వకండి" అని సందేశాలు తిప్పే భక్తులకు ఒక మనవి. మీ పెళ్లిలో మూడు ముళ్లు పడేటప్పుడు గట్టిమేళం వాయించిన ఆయన పేరు ఎప్పుడైనా అడిగారా?

మొన్న పేటలో ఒక పెళ్లికి వెళ్లాను. మండపానికి ఒక మూల మేళంవాళ్లు. మరో మూల గదంత డీజే పెట్టెలు. సన్నాయి ఆయన ఆనందభైరవి అందుకున్నాడు. పట్టుమని పది నిమిషాలు కాలేదు, డ్రోను తిప్పే కుర్రాడు చెయ్యి ఊపాడు. "అంకుల్, ఆపండి, ఎంట్రీ సాంగ్ ఉంది." ఆయన సన్నాయిని ఒళ్లో పెట్టుకుని, పీకను నోట్లోనే ఉంచుకున్నాడు, ఆరిపోకుండా. గంటన్నర. మధ్యలో ఎవరూ కాఫీ ఇవ్వలేదు. ముహూర్తానికి మాత్రం పంతులుగారు చెయ్యెత్తి "మేళం, మేళం" అని అరిచారు. సిద్ధంగా ఉన్నది ఆ తడి పీక ఒక్కటే. డీజేవాడు భోజనాల దగ్గర ఉన్నాడు.

కోటప్పకొండ తిరునాళ్లకు ఏటా ప్రభలు కడతారు. ఎనభై అడుగులు, తొంభై అడుగులు. శివరాత్రి నాడు వాటి ఎత్తు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ పులకరిస్తుంది. ఆ కింద ఏం జరుగుతుందో చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఈ పార్టీ ప్రభ ముందు ఈ పార్టీ పాట, ఆ పార్టీ ప్రభ ముందు ఆ పార్టీ పాట, నడుమ రికార్డింగ్ డాన్సు. త్రికోటేశ్వరుడు ధ్యానంలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. చందాలు రాసేది మీసాలవారే. ఒక్క రాత్రి డీజేకు రాసే చందాలో పదో వంతు పెడితే విద్యావంతుల పిల్లలు నలుగురికి ఏడాదంతా పంబ నేర్పించొచ్చు. రాయరు. పంబ మీద నాయకుడి బొమ్మ వేయడానికి చోటు చాలదు.

కారంపూడిలో ఆ సాయంత్రం ఆరు కార్లు వెళ్లిపోయాక ఒక కుర్రాడు ఆగిపోయాడు. పులి బొమ్మ చొక్కా. ఫోను నిలువుగా పట్టుకుని పెద్దాయన దగ్గరకొచ్చాడు.

"తాతా, రీలుకు ఒక బిట్ కావాలి. పౌరుషంగా ఉండాలి."

"ఏ బిట్ కావాలి నాయనా? చంపేదా, చచ్చేదా?"

"చంపేదే. ముప్పై సెకన్లలో అయిపోవాలి."

పెద్దాయన పంబ తాళ్లు బిగించుకుంటూ తీరిగ్గా అన్నాడు.

"ముప్పై సెకన్లకు బాలచంద్రుడు వాళ్లమ్మ దగ్గర సెలవన్నా తీసుకోడయ్యా. కూర్చో. తెల్లారేసరికి నువ్వడిగింది వస్తది. ఆ తర్వాతది కూడా విని పో."

కుర్రాడు అప్పటికే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.