మా బావగారి మూలాన్వేషణము

విజయవాడ సత్యనారాయణపురములో కాపురముండు మా బావగారు, ఎవరైన నొక ప్రశ్న వేసినచో, సమాధానము తెలిసియుండియు చెప్పక, ముందుగా కంప్యూటరు తెఱచి, లోకమందలి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల సోర్స్ కోడునంతయు జల్లెడ పట్టి, ఆ సమాధానము ఏ ఫైలులో ఏ పంక్తియందున్నదో కనుగొని, దానిని మనచేత చదివించిన పిదప గాని మనలను కాఫీ పుచ్చుకొననీయని మహానుభావులు. ఇట్టివారు ప్రతి ఆఫీసునందును ఒక్కరైన నుందురు గనుక పాఠకులకు వేఱుగ పరిచయము చేయనక్కఱ లేదు. వారిలో మా అక్కయ్య చేయి పట్టినవారు వీరొక్కరే యగుటచే, వీరిని గూర్చి వ్రాయు హక్కు మాత్రము నాకు దక్కినది. బందరు లడ్డు చేతికిచ్చినను, ఎవరు చేసినది, పాకమెట్లు పట్టినది తేలనిదే నోట వేసికొనరు.

వారి సిద్ధాంతము ప్రకారము సోర్స్ కోడు శ్రుతి, డాక్యుమెంటేషను స్మృతి. రెంటికిని విరోధము వచ్చినపుడు శ్రుతియే ప్రమాణము. "డాక్యుమెంటేషన్ రాసినవాడు రాసి వెళ్లిపోతాడోయ్, కోడ్ మారుతూనే ఉంటుంది. దాన్నెలా నమ్ముతావు?" అని వారడిగినపుడు కాదనుటకు నాకు శక్తి చాలదు. 1973 నాటి యూనిక్సులో కెన్ థాంప్సన్ సమకూర్చిన, ఫైళ్లలో మాటలు వెదకిపెట్టు గ్రెప్ అను సాధనము వారికి ప్రాతఃస్మరణీయము. 2006లో గూగుల్ ప్రారంభించిన కోడ్ సెర్చ్ 2012లో మూతపడిన పూట వారు భోజనము ముట్టలేదని మా అక్కయ్య చెప్పును. ఆ యేడే దాని నిర్మాత రస్ కాక్స్, ఫైళ్లను మూడేసి బైట్ల తునుకలుగ తీసికొని వానికి సూచిక కట్టుటచేతనే అంత వేగము సాధ్యమైనదని రహస్యము వెల్లడింపగా, వారికి ప్రాణము లేచివచ్చినది. యూటీఎఫ్-8 పద్ధతిలో మన అకారమొక్కటియే మూడు బైట్లు ఆక్రమించును గదా, "ఒక్క అక్షరంతోనే తునక నిండిపోయిందోయ్!" అని వారు నన్ను నిద్ర లేపి మఱీ చెప్పిరి.

వారి పరమదుఃఖకాలము 2018 ఫిబ్రవరి. మన "జ్ఞా" నడుమ కంటికి కానరాని చిహ్న మొకటి చేరినచో ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలుచున్నవని లోకము గగ్గోలెత్తినపుడు, తెలుగక్షరమున కింత మహిమ యున్నదా యని మేమందఱము మురియుచుండగా, ఆ ఫోను సోర్స్ బయటివారు చూడ వీలులేనిదగుటచే, తప్పిన పంక్తిని దర్శింపలేక వారొక్కరు కృశించిరి. 11.2.6 వెర్షనుతో వ్యాధి నయమైనను వారి బెంగ తీఱలేదు.

మొన్న తమ కుమార్తె శుభలేఖకు, 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభల భారము వహించిన అవనిగడ్డ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారి పేర వెలసిన "మండలి" అను స్వేచ్ఛా ఫాంటునే వాడవలెనని పట్టుపట్టిరి. తీరా ప్రూఫు వచ్చుసరికి వధువు పేరిటి లక్ష్మి ముక్కచెక్కలై యున్నది. బావగారు వెంటనే, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీసులలో అక్షరములను కూర్చునట్టి హార్ఫ్‌బజ్ సోర్సులోనికి దిగి, భారతీయలిపుల ప్రకరణమును ఆమూలాగ్రము శోధించి, దోషము అచట లేదని తెల్లవాఱుజామున ప్రకటించిరి. ఉదయము డీటీపీ కుఱ్ఱవాడు తన సాఫ్ట్‌వేరులో ఎక్కడనో ఒక టిక్కు పెట్టగా లక్ష్మి కుదురుకొన్నది. "నీకెలా తెలిసింది బాబూ?" అని వీరడుగగా, "ఎవరో చెప్పారండీ" అని వాడు నిర్విచారముగ పలికిన మాట వారి హృదయమున ములుకై నాటినది.

అయినను న్యాయము చెప్పవలెను. స్మృతి తప్పినచోట నిందించి యూరకుండుట వారి స్వభావము కాదు. తాము కనుగొన్నది రెండు వాక్యములుగ వ్రాసి ఆయా ప్రాజెక్టులకు పంపి, డాక్యుమెంటేషనును సరిదిద్దింతురు. ముఖమెఱుగని పరదేశి యెవడో ఆ రెండు వాక్యములు చదివి ఒక రాత్రి నిద్ర దక్కించుకొనును. ఒక్క మాటకై సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములన్నియు దింపుకొని, భోజనమునకు రమ్మన్న పిలుపు విననివాడను నేనును గనుక, ఆ పిచ్చిని మెచ్చకుండ నుండలేను.

అట్టివారిని మా అక్కయ్య ఒకనాడు, "రౌటర్ ఆగిపోతే ఏం చెయ్యాలో ఓ కాగితం మీద రాసిపెట్టండీ" అని వేడుకొనగా, "దాంట్లో నడిచేది లినక్సేగా! సోర్స్ అంతా బయటే ఉంది, చూసుకో" అని సెలవిచ్చిరి. నాటినుండి మా అక్కయ్య ప్లగ్గు పీకి మరల పెట్టుట నేర్చినది.